బండి దాటాక కనిపించిన ఇప్పచెట్టు

బోదపాల్ స్టేషన్, బస్తర్
12 జనవరి 2025

అత్తా,

ఫోనులో అరిచి అరిచి నా గొంతు పోయింది. నువ్వేమో "ఆఁ? ఏంది? తిన్నవా?" అని ఆరుసార్లు అడిగి పెట్టేశావు. నీ చెవులకూ ఫోనుకూ పొసగదని తేలిపోయింది కాబట్టి కాగితం పట్టుకున్నాను. తిన్నాను. బాగున్నాను. నీ కాళ్ళకు దండం.

ఈ ఊరి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అరచేయిలా చదునైన నేల, ఎటు చూసినా కోసేసిన వరిమళ్ళు. మధ్యలో స్టేషను, రెండు టీ కొట్లు, శుక్రవారం సంత, ఇరవై రైల్వే క్వార్టర్లు. పట్టాలు వచ్చాకే ఊరు పుట్టిందట. మన కోంటా మనుషుల్లో చాలామంది రైలు చూడకుండానే ముసలివాళ్ళవుతున్నారు కదా, ఇక్కడ మేకలు కూడా రైలు వస్తే తల ఎత్తవు.

మొదటిరోజు మా స్టేషన్ మాస్టరు దేవేంద్ర సార్ నా చేతికి రెండు జెండాలిచ్చి పట్టాల అవతల నిలబెట్టారు. "ఇనుపరాయి బండి వస్తోంది. ఇక్కడ ఆగదు. భయపడకు" అన్నారు. ముందు నా కాళ్ళకింద కంకర కదిలింది. బండి ఇంకా కనపడనే లేదు. తర్వాత వచ్చింది. మూడు ఇంజన్లు, వాటి వెనక యాభై ఎనిమిది పెట్టెలు, ఒక్కోదాని నిండా కిరందుల్ కొండరాయి. అది దాటుతున్నంతసేపూ నా పళ్ళు కూడా అదిరాయత్తా! కళ్ళలోంచి నీళ్ళు కారాయి. భయమా అంటే కాదు. చిన్నప్పుడు నన్ను చంకనెత్తుకుని శబరి వరద చూపించావట, నోరు తెరిచి అలాగే ఉండిపోయానట కదా. మళ్ళీ అలాగే ఉండిపోయాను. బండి వెళ్ళిపోయాక నా చీర ఎర్రమట్టి రంగు అయింది. దేవేంద్ర సార్ నవ్వి, "జెండా చూపించావా?" అన్నారు. ఏమో, చూపించానో లేదో!

ఉగాది దాకా చూస్తానన్నావు. తర్వాత వచ్చి కొట్లో కూర్చోవాలన్నావు. గుర్తుంది. ఇప్పుడే ఏమీ అడగను.

ఎర్ర చీర కట్టుకున్న
అనూ

*

కోంటా
25 జనవరి

మా ఇంటి రైలు దొరసానికి, అత్త రాసేది. చల్లగా ఉండు బిడ్డా.

నీ ఉత్తరం కొట్లో గట్టిగా చదివాను. చదివినంతసేపూ బేరం ఆగిపోయింది. భేజ్జి నుంచి చింతపండు తెచ్చిన హిడ్మే గంప దించి చివరిదాకా విన్నది. విని, "ఇట్ల రోజుకెన్ని బండ్లు పోతయి?" అంది. నాకేం తెలుసు, పది అనుకో అన్నాను. "రోజుకు పది పోతే ఆ కొండ ఇంకెన్నాళ్ళుంటది?" అంది. మీ సారునడిగి రాయి, లేకపోతే అది నన్ను వదలదు.

నా మేనకోడలు పచ్చజెండా ఊపందే ఏ బండీ కదలదని బజారంతా చెప్పాను. జగదల్‌పూర్ బస్సు నడిపే శ్రీరంగానికీ చెప్పాను. వాడు సుక్మా దాకా అన్ని స్టాపుల్లోనూ చెప్పి ఉంటాడు, వాడి నోరు తెలుసుగా. సర్కారు నీకు అంత అధికారం ఇచ్చిందంటే నాకే ఒళ్ళు ఝల్లుమంది. మీ అమ్మానాన్నా ఉంటే ఎంత మురిసేవాళ్ళో.

మురిపెం వేరు, కొట్టు వేరు. ఈ కొట్టు నేను ఒక్కదాన్ని ముప్పై ఏళ్ళు నిలబెట్టాను. నా తర్వాత నువ్వే. కొత్త బోర్డు రాయిస్తున్నాను, నీ పేరు కూడా వేసి. చెడ్డీలు వేసుకున్నప్పటి నుంచి తక్కెడ పట్టినదానివి, నీకు జెండాలేంటే? సరదా తీర్చుకుని రా.

నీ అత్త
అన్నపూర్ణమ్మ

*

బోదపాల్
8 ఫిబ్రవరి

అత్తా, కొంప ముంచావు!

నేను ఊపకపోయినా బండి పోతుంది. నాది అధికారం కాదు, పాయింట్స్‌మన్ ఉద్యోగం. బండి దాటుతున్నప్పుడు దాన్ని చూడటం నా పనుల్లో ఒకటి. ఇటుపక్క దేవేంద్ర సార్, అటుపక్క నేను. ఏ చక్రం దగ్గరైనా పొగ వస్తోందా, ఏ ఇనుపకమ్మి అయినా వేలాడుతోందా, తలుపు ఊడిందా చూడాలి. బండి నడిపేవాళ్ళకు ముందున్నది కనిపిస్తుంది గానీ అరమైలు వెనక తమ బండికే ఏమవుతోందో తెలియదు కదా. తేడా ఉంటే ఎర్రజెండా. లేకపోతే పచ్చజెండా.

చివరి పెట్టెలో గార్డు ఉంటాడు. ఎక్కువగా నంద అనే ఆయన వస్తాడు. తెల్లబడిన మీసాలు, మెడలో గళ్ళ తువ్వాలు. నీ బండి బాగుంది అని నేను పచ్చజెండా చూపిస్తాను, సరే అని ఆయన చూపిస్తాడు. అంతే, వెళ్ళిపోతాడు. ఆయనతో ఇప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. అయినా ఆయన రాని రోజు ఏదో వెలితిగా ఉంటుంది.

హిడ్మే ప్రశ్న దేవేంద్ర సార్ని అడిగాను. పట్టాలకేసి చూసి, "ఆ సంగతి నాకు తెలీదమ్మా" అన్నారు.

అత్తా, రోజూ చూస్తున్నా పాతబడటం లేదు. బండి వచ్చే ముందు పిట్టలన్నీ ఒక్కసారి తీగ మీంచి లేస్తాయి. అది పోయాక ఊరంతా నిశ్శబ్దం, చెవుల్లో నెత్తురు చప్పుడు వినిపించేంత. నన్ను ఇక్కడే ఉండనీ. ఉగాది తర్వాత కూడా.

నీ
అనూ

*

కోంటా
20 ఫిబ్రవరి

అనుపమకు,

చూడటానికి జీతమిస్తారా? అట్లయితే కొట్టు ముందు అరుగు మీద కూర్చుని రోడ్డు చూసే ముసలోళ్ళకు ఎంతియ్యాలి? బజారంతా చెప్పుకున్న నా పరువు ఏం కావాలి? శ్రీరంగం నిన్న కూడా "మీ కోడలు ఎన్ని బండ్లు ఆపింది?" అని అడిగాడు. చాలా ఆపిందని చెప్పాను. ఇంకేం చెప్పాలి?

ఉగాది అంటే ఉగాదే. ఇప్పపువ్వు రాలడం మొదలైతే నా రెండు చేతులూ చాలవు. పచ్చిపువ్వేదో ఎండుపువ్వేదో పిడికిట్లో పట్టి చెప్పగలిగేది ఈ ఇంట్లో నేను, నువ్వు. బోర్డు వచ్చేసింది. నీ పేరు పచ్చరంగులో రాయించాను, సరిపోతుందిలే అని.

కోపంగానే రాస్తున్నాను, గుర్తుంచుకో. ఇంతకీ ఆ బండికి ముఖం ఎట్లుంటుంది? కళ్ళవీ ఉంటాయా? హిడ్మే అడగమంది.

అత్త

*

కోంటా
25 మార్చి

నా బంగారు తల్లీ!

శ్రీరంగం ఇవాళ బస్టాండు దాకా కూడా పోకుండా మన కొట్టు ముందే బస్సు ఆపి దిగాడు. చేతిలో జగదల్‌పూర్ హిందీ పేపరు. "అమ్మా, మీ కోడలు బండిని కాపాడింది!" అని కేకేశాడు. నా చెవులకు కూడా వినపడింది, అంత కేక. చక్రం ఎర్రగా కాలిపోతుంటే నువ్వు చూసి చెప్పావట. నది వంతెన ఇంకో మైలు ఉందనగా ఆపారట. లేకపోతే ఏమయ్యేదో పేపరువాడు రాశాడు, నేను చదవనివ్వలేదు.

చూడటమేం ఉద్యోగమని నోరు పారేసుకున్నాను. లెంపలేసుకుంటున్నానే. అంత పెద్ద బండిలో అంత చిన్న పొగ చూశావంటే నువ్వు మనిషివా, దేవతవా! బూందీ లడ్డూలు చేయించి బజారంతా పంచాను. ఉగాది మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఉండు. అక్కడే ఉండు. కొట్టు సంగతి నేను చూసుకుంటాను, ఇంకా నడుం వంగలేదు.

మీ పెద్దాఫీసరు నీకు సన్మానం చేస్తాడట కదా. ఏ రోజో రాయి. పట్టుచీర తీసి ఎండలో వేశాను.

పొంగిపోతున్న
నీ అత్త

*

బోదపాల్
31 మార్చి

అత్తా,

ఈ ఉత్తరం కొట్లో చదవకు. లోపలి గదిలోకి వెళ్ళి చదువు. నీకు దండం పెడతాను.

ఇప్పపువ్వు రాలే ముందు చెట్టు కింద ఎండాకులు కాలుస్తారు కదా, పువ్వు ఏరుకోవడానికి నేల శుభ్రంగా ఉండాలని. నీకు తెలియంది కాదు. నేను నిలబడే చోటికి ఎదురుగా, పట్టాల అవతల, మాసే అనే ఆవిడకు మూడు ఇప్పచెట్లున్నాయి. మార్చి మొదలైనప్పటి నుంచి ఈ చుట్టుపక్కల రోజూ ఏదో ఒక చెట్టు కింద పొగే.

ఆ రోజు, ఇరవయ్యో తారీఖు పొద్దున పదింటికి బండి వచ్చింది. ఇంజన్లు దాటాక, ఇరవయ్యో పెట్టో ఇరవై రెండో, దాని కింద నుంచి పొగ వచ్చింది. చూశానత్తా. బాగా చూశాను. మాసే ఆకులు కాలుస్తోంది, ఆ పొగ బండి కింద నుంచి ఇటు వస్తోంది అనుకున్నాను. వాసన కూడా తగిలింది. ఆకు కాలే వాసన కాదు, మడ్డినూనె మాడిన వాసన. ముక్కు చెప్పింది, నేను వినలేదు. కోంటాలో పుట్టి ఇప్పచెట్ల మధ్య పెరిగినదాన్ని, మార్చిలో పొగంటే నాకు ఇంకేం తోస్తుంది? పచ్చజెండా అట్లాగే పట్టుకున్నాను. చివర నంద గారు వచ్చారు. ఆయనకూ పచ్చజెండా చూపించాను. నన్ను నమ్మి ఆయనా చూపించారు.

బండి పోయింది. ఎదురుగా మాసే చెట్టు కనిపించింది. దాని కింద మంట లేదు. ఈ ఏడు ఆవిడ ఆకులు కాల్చలేదు, ఊడ్చి పాత చీరలు పరిచింది. నీలంది, గులాబీది, పసుపుది. వాటి మీద పువ్వులు రాలుతున్నాయి. పొగ ఎక్కడా లేదు.

దేవేంద్ర సార్ వైపు పొగ కనిపించలేదట. వాకీటాకీలో ఆయన్ని అరిచి పిలిచాను. ఆయన డ్రైవరుకు చెప్పారు. బండి ఆగింది. అది నిజమే. కానీ నేను ముందు పచ్చజెండా చూపించాననేది పేపర్లో లేదు. "పొగ చూసి వెంటనే చెప్పాను అని రాయి చాలు, అబద్ధం కాదుగా" అన్నారు సార్, నా మంచికోరే. పై ఆఫీసుకు పంపే కాగితంలో అలాగే రాసి సంతకం పెట్టాను. నంద గారు కూడా "నేను చూసినప్పుడు పొగ లేదు" అని రాశారట. ఏప్రిల్ పదిహేనున జగదల్‌పూర్‌లో విచారణ. అక్కడ కూడా ఇదే చెబితే సన్మానం. నిజం చెబితే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. నా ఒక్కదానిదే కాదు, నంద గారిది కూడా; పొగ ఉన్న బండికే ఆయనా పచ్చజెండా చూపించారని తేలిపోతుంది కదా.

నీ లడ్డూల ఉత్తరం పది రోజులుగా ఏడవని ఏడుపంతా ఏడిపించింది. ఏం చేయను అత్తా?

అనూ

*

కోంటా
5 ఏప్రిల్

అనూ,

లోపలి గదిలోనే చదివాను. మళ్ళీ చదివాను. రెండు రోజులు నీ మీద కోపంతో అన్నం సయించలేదు, తర్వాత నా మీద కోపంతో.

విను. నోరు మూసుకో. బండి ఆగిందా, ఆగింది. ఎవరికైనా గోరు ఊడిందా, లేదు. పెట్టిన సంతకం పెట్టావు. ఇప్పుడు హరిశ్చంద్రుడి చెల్లెల్లా నిలబడి నిజం చెబితే ఎవరికి లాభం? ఆ గార్డుకి పెళ్ళాం బిడ్డలుండరా? వాడి కంచం లాగే హక్కు నీకెవరిచ్చారు?

నా కొట్టు కోసం అంటున్నానని మాత్రం అనుకోకు. నీ ఉద్యోగం పోతే నువ్వు రేపే నా పక్కన కూర్చుంటావు, నాకు కావలసిందీ అదే. అయినా వద్దంటున్నాను. ఆ బండి గురించి రాసేటప్పుడు నీ అక్షరాలే వేరేగా ఉంటాయే పిచ్చిదానా. అది పోతే నువ్వు ఇక్కడ ఉండీ ఏం లాభం?

చించెయ్యి ఈ ఉత్తరం.

అత్త

*

బోదపాల్
10 ఏప్రిల్

అత్తా,

చించలేదు. దిండు కింద పెట్టుకున్నాను.

నీ మాట నేను ఎప్పుడూ జవదాటలేదు. ఈసారి దాటుతున్నాను. ఆ రోజు తర్వాత వచ్చిన ప్రతి బండికీ పచ్చజెండా చూపించాలంటే చేయి లేవడం లేదు. నేను చూశాను అన్నా నాకే నమ్మకం కలగడం లేదు. అబద్ధం మీద నిలబడి దేన్ని చూడను? పదిహేనున చెప్పేస్తాను.

నంద గారికి ముందుగా చెప్పాలని చాలా ప్రయత్నించాను. ఆయన బండి ఇక్కడ ఆగదు కదా. నిన్న దాటుతున్నప్పుడు చేయెత్తి ఏదో చెప్పబోయాను. పలకరిస్తున్నాననుకుని నవ్వి వెళ్ళిపోయారు. ఆ నవ్వు చూశాక ఇక రాయలేకపోతున్నాను.

క్షమించు.
అనూ

*

కోంటా
19 ఏప్రిల్

బిడ్డా,

నీ ఉత్తరం అందిన రోజే శ్రీరంగం బస్సెక్కాను. నిన్ను చెవి పట్టుకుని ఇంటికి లాక్కొద్దామనే బయల్దేరాను, దాచడమెందుకు. జగదల్‌పూర్‌లో పడుకుని, పదహారున పొద్దున బోదపాల్‌లో దిగాను. అప్పటికే నువ్వు నిజం చెప్పేశావట, అట్నుంచి అటే నిన్ను మళ్ళీ పాఠాలకు విశాఖ పంపారట. మీ దేవేంద్ర సారు కుర్చీ వేసి, టీ తెప్పించి, నా చెవి దగ్గర నోరు పెట్టి అన్నీ చెప్పాడు. మంచివాడు. "నేను చెప్పమన్నట్టు చెప్పి ఉంటే దండ వేసేవాళ్ళమ్మా" అని తల దించుకున్నాడు.

తిరుగు బస్సుకి టైముంది కదా అని మాసే చెట్టు కింద కూర్చున్నాను. చివరి పువ్వు రాలుతోంది. నాకు వచ్చిన హల్బీ భాష అంతంతమాత్రం, అయినా పువ్వు గురించి మాట్లాడటానికి అది చాలు. నీ అత్తనని తెలిసి మాసే నా చేయి పట్టుకుంది. నువ్వు నాకు రాయని సంగతి ఆవిడ చెప్పింది. ఆ రోజు వాకీటాకీలో అరిచి ఊరుకోలేదట నువ్వు. ఎర్రజెండా ఎత్తి పట్టుకుని, వెళ్ళిపోయిన బండి వెనకాల పట్టాల మీద పరిగెత్తావట. కంకర మీద పడ్డావట, లేచి మళ్ళీ పరిగెత్తావట. ఎవరూ చూడటం లేదని తెలిసినా జెండా దించలేదట. మోకాళ్ళు ఎట్లున్నాయి ఇప్పుడు?

అంతలో బండి వచ్చింది.

ఏమని రాయను అనూ! ముందు నేల వణికింది. తర్వాత నేను కూర్చున్న వేరు వణికింది. పదేళ్ళుగా నాకు ఏ చప్పుడూ సరిగ్గా తెలియదు, అది మాత్రం ఛాతీలోంచి వినపడింది. లేచి నిలబడ్డాను, దేవుడి ముందు నిలబడ్డట్టు చేతులు వాటంతటవే కలిశాయి. కొండ నడిచిపోతోందే! నడుస్తూనే ఉంది, అయిపోదే! పదో పెట్టె దాకా చూశాను, ఇక నావల్ల కాలేదు. కళ్ళు మూసుకుని మాసే భుజం పట్టుకున్నాను. తెరిచేసరికి తోక పోతోంది. ఒక్క బండి, రెండు నిమిషాలు, నా వల్ల కాలేదు. నువ్వు కళ్ళార్పకుండా రోజూ నిలబడతావు. అట్లాంటి దానికి నేను నోరు మూసుకోమని రాశాను. సిగ్గేసింది.

కోంటా వచ్చి, లడ్డూ తిన్నవాళ్ళందరికీ నేనే చెప్పాను, నా కోడలు ముందు పచ్చజెండా చూపించింది, తర్వాత తప్పు తెలుసుకుంది, అడగకపోయినా ఒప్పుకుందని. కొందరు నవ్వారు. నవ్వనీ. హిడ్మే నవ్వలేదు, గంప దించి నా పక్కన కాసేపు కూర్చుంది. బోర్డు మీద నీ పేరు ఉంటుంది. మనిషివి మాత్రం వాళ్ళు ఉంచినన్నాళ్ళూ అక్కడే ఉండు. ఇది కోపంతో రాయడం లేదు.

ఆ గార్డుకి ఏమైందో రాయి. వాడి సంగతే నన్ను తొలుస్తోంది.

నీ అత్త

*

బోదపాల్
14 మే

అత్తా,

మోకాళ్ళు మానాయి. నిన్న మళ్ళీ డ్యూటీలో చేరాను. ఉద్యోగం ఉంచారు. గట్టిగా హెచ్చరించి, ఒక ఏడాది జీతం పెరగకుండా ఆపారు. నువ్వు ఇంత దూరం వచ్చి నేను లేకుండా వెళ్ళిపోయావని మాసే చెబితే చెట్టు కిందే కూర్చుని ఏడ్చాను.

నంద గారి ప్రమోషన్ ఆపేశారు. ప్యాసింజరు బండికి వెళ్ళాల్సిన మనిషి. ఇంకో రెండేళ్ళలో రిటైరవుతారు కాబట్టి ఇక ఆ బండి ఎక్కేది లేనట్టే. విచారణలో నేను చెబుతుంటే ఆయన అక్కడే ఉన్నారు, నావైపు ఒక్కసారి కూడా చూడలేదు. బయటికొచ్చాక దగ్గరికి వెళ్ళాను. తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయారు. విశాఖలో ఉన్న మూడు వారాలూ అదే నా కళ్ళ ముందు. నువ్వన్నట్టు ఆయన కంచం నేనే లాగాను కదా.

నిన్న పొద్దున నా మొదటి బండి. వెనక నంద గారు ఉన్నారని సార్ ముందే చెప్పారు. చెప్పకుండా ఉన్నా బాగుండేది. వెళ్ళి నా చోట నిలబడ్డాను. కంకర కదిలింది. పిట్టలు లేచాయి. ప్రతి చక్రం చూశానత్తా, ఒక్కటి వదల్లేదు. కళ్ళలో దుమ్ము పడ్డా ఆర్పలేదు. యాభై ఎనిమిదీ బాగున్నాయి. చివరి పెట్టె వస్తోంటే పచ్చజెండా ఎత్తాను. ఆయన తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు, చేతులు కిందికే ఉన్నాయి. నా జెండా మీద ఆయనకు నమ్మకం లేదేమో, ఉండకూడదు కూడా అనుకున్నాను. నా ముందు నుంచి దాటిపోయారు.

దాటాక, బయటికి వంగి నావైపు చూశారు. పచ్చజెండా ఎత్తారు.

మామూలుగా అర నిమిషంలో దించేస్తారు. నిన్న దించలేదు. మైదానం కదా, ఇక్కడ చాలా దూరం కనిపిస్తుంది. ఆ పచ్చరంగు చిన్నదై, ఇంకా చిన్నదై, ఎండలో కలిసిపోయేదాకా ఆయన దించలేదు. అంతసేపూ నేనూ దించలేదు.

నీ
అనుపమ